ఎస్తేరు పాడేంతసేపు

శ్రీకాళహస్తిలో స్టేషనుకు పోయే దారిలో, మందుల షాపు పక్కన మెట్ల కింద ఉంటుంది ఎస్తేరు పార్లరు. రెండు కుర్చీలు, ఒక అద్దం, ఆవిరి పట్టే మిషను. అంతే. మూడో మనిషి వస్తే బయట నిలబడాల్సిందే. ఊళ్లో ఏసీ పెట్టిన పార్లర్లు ఉండగా పోయిపోయి ఆ ఇరుకులో ఎందుకు దూరతావని మా ఆయన గంగాధరం ఎగతాళి చేస్తుంటాడు. ముఖానికి సబ్బు తప్ప మరొకటి ఎరగని మనిషి, ఆయనకేం తెలుసు.

మొదటిసారి వెళ్లినప్పుడు నా బుగ్గల మీది మంగు మచ్చలు చూపించి, ఎంత ఖరీదైన ఫేషియలైనా సరే చెయ్యమన్నాను. ఎస్తేరు నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది.

“మంగు ఫేషియల్‌తో పోదక్కా. చర్మం డాక్టరు దగ్గరికి పో. నేను చేస్తే మొగం నున్నగా ఉంటాది, అలుపు తీరతాది. అంతకుమించి నేను చెప్పలేను” అంది.

వ్యాపారం చేసుకునే మనిషి నోట అలాంటి మాట విని ఎన్నాళ్లయిందో. అలుపు తీరినా చాలు తల్లీ అని కుర్చీలో కూలబడ్డాను. ఆమె రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చచేసుకున్నాకే నా ముఖం మీద పెట్టింది. కళ్లు మూసుకున్న కాసేపటికి సన్నగా ఒక పాట వినబడింది. నోరు తెరవకుండా గొంతులోనే పాడుతోంది. వాళ్ల చర్చి పాట. ఎందుకు పాడతావని అడిగితే, అదే తన గడియారమని నవ్వింది.

ఎస్తేరుది సత్యవేడు పక్క పల్లె. తల్లి సంతోషమ్మ కూలికి నాట్లు వేసేది. ఆదివారం చర్చిలో పాడిన పాటనే సోమవారం మడిలో పాడేదట. పాట అయ్యేదాకా వంగి నాటాలి, అయ్యాక నడుమెత్తి ఊపిరి పీల్చుకోవాలి. అలా అయితే వరసలో ఎవరూ ముందుకు ఉరకరు, ఎవరూ వెనకబడరు. పదో తరగతి అయ్యాక ఎస్తేరు తిరుపతిలో ఒక పార్లరులో చేరి, నేల మీది వెంట్రుకలు ఊడ్చే పనితో మొదలుపెట్టి, చూసి చూసి ఫేషియల్ నేర్చుకుంది. అక్కడ గోడ నిండా పెద్ద గడియారం ఉండేదట.

“దాన్ని సూసినప్పుడల్లా చెయ్యి తొందరపడేదక్కా. చెయ్యి తొందరపడితే పడుకున్నోళ్లకి తెలిసిపోతాది. మాయమ్మ పాట పట్టుకున్నాక చెయ్యి నిదానంగా పోవడం నేర్చుకునింది.”

ఆమె పనితనమంతా ఆ పాటలోనే ఉంది. ఆవిరికి ఒక చరణం చాలు, ఎండుబారిన చర్మానికైతే అదీ ఎక్కువే. మర్దనా గడ్డం నుంచి చెవుల వైపుకు, ఎప్పుడూ పైకే. కళ్ల చుట్టూ ఉంగరపు వేలితో మాత్రమే తడుముతుంది, చేతిలో బలం తక్కువ ఉన్న వేలు అదేనని. ప్యాక్ పూశాక పాట మళ్లీ మొదటికి వచ్చిందంటే, అది ఎండి బీటలు వారకముందే తడిగుడ్డతో తీసేస్తుంది. పాతకాపులం కుర్చీలో పడుకునే అడుగుతుంటాం, “ఎస్తేరూ, ఏ చరణంలో ఉండావు?” అని.

నా కూతురు కోమలి పెళ్లి కుదిరినప్పుడు ఫేషియల్ ఎవరు చెయ్యాలన్న ప్రశ్నే రాలేదు. వారం ముందే చేద్దామని ఎస్తేరు మొత్తుకుంది. చెన్నైలో కోమలి ఆఫీసువాళ్లు సెలవిస్తే కదా. పిల్ల ఇల్లు చేరేసరికి పందిట్లో రాట వేసేశారు. రాట వేశాక పెళ్లికూతురు పందిరి దాటి పోకూడదని మా ఇంటి ఆనవాయితీ. అందుకని ఎస్తేరే సంచి సర్దుకుని మా ఇంటికి వచ్చింది. మర్నాడు సాయంత్రం ఆ పందిట్లోనే రిసెప్షను, ఆ మరుసటి ఉదయం ముహూర్తం.

మా అత్త చంద్రకాంతమ్మ పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఎస్తేరు గొంతులో పాట మొదలవగానే చెయ్యి అడ్డం పెట్టింది.

“బిడ్డా, పెండ్లింట్లో ఆ పాటలు వొద్దు.”

నాకు ఒళ్లు మండింది. ఇంటి నిండా చుట్టాలు, అత్తతో గొడవకు దిగితే నలుగురిలో పలచనవుతామని పళ్లు బిగబట్టాను. ఎస్తేరు మాత్రం “సరే అవ్వా” అని ఫోనులో అలారం పెట్టుకుని పని కానిచ్చింది. బ్లీచ్, స్క్రబ్, మర్దనా, ప్యాక్ అన్నీ అయ్యాక, వెళ్లబోతూ అత్తకూ నాకూ చెప్పింది.

“రేపు నలుగు పెట్టేటప్పుడు పసుపు కాళ్లకు, చేతులకు పూయండి. మొగానికి మాత్రం వొద్దు. ఈ రెండు దినాలు పాప చర్మం పసిబిడ్డ చర్మం మాదిరి ఉంటాది.”

అత్త తల ఊపింది.

మర్నాడు నలుగు సమయానికి నేను వంటవాళ్ల దగ్గర ఉన్నాను. పసుపు అంటని ముఖం పెళ్లికూతురి ముఖం ఎలా అవుతుందని అత్త మనసు ఒప్పుకోలేదు. కస్తూరి పసుపు తన చేత్తో నూరి, నిగారింపు వస్తుందని నిమ్మకాయ పిండి, మనవరాలి ముఖానికి ముద్దుగా పట్టించింది. కోమలి మంట అంటే, “ఓర్చుకో మే, మెరిసిపోతావు సూడు” అందట.

కేకలు విని నేను పరుగెత్తి వెళ్లేసరికి బుగ్గలు రెండూ కందిపోయి ఉన్నాయి. నుదుటి మీద దద్దురు. సాయంత్రానికి స్టేజీ ఎక్కాల్సిన పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది. మగపెళ్లివారు నెల్లూరులో బయల్దేరామని అప్పుడే ఫోను. ఇక చూడండి, వచ్చిన ఆడవాళ్లందరూ తలా ఒక తీర్పు చెప్పేశారు. చవక క్రీములు పూసి ఉంటుందని ఒకరు, మెట్ల కింద పార్లరుకు ఇస్తే ఇంతేనని ఒకరు. అత్త పసుపు చేతులు కొంగుకు తుడుచుకుంటూ గోడవారకు పోయి కూర్చుంది.

ఫోను చెయ్యగానే ఎస్తేరు ఆటోలో వచ్చింది. గుమ్మంలోనే ఆ మాటలు చెవిన పడ్డాయి. ఊళ్లో సగం ఇళ్లవాళ్లు ఆ రిసెప్షనుకు వస్తున్నారు. ఆ ముఖంతో కోమలి కనబడిందంటే ఎస్తేరు దగ్గర ఇంకే తల్లీ తన కూతుర్ని కూర్చోబెట్టదు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆమె కోమలి చెంప దగ్గరకు వంగి వాసన చూసింది. “నిమ్మకాయ” అంది మెల్లగా. ఒకసారి అత్త వైపు చూసి, చూపు తిప్పేసుకుంది. ఎవరు పూశారని అడగలేదు. నేనే ఆమె స్థానంలో ఉంటే ఇల్లు పీకి పందిరేసేదాన్ని.

ఒకావిడ ఐసు తెచ్చింది. ఇంకొకావిడ మందంగా మేకప్ వేసేస్తే కనబడదంది.

“అవేమీ వొద్దండి. చల్లనీళ్లు, మెత్తటి పాతపంచె గుడ్డ ఇయ్యండక్కా. మేకప్పు నేను తొందరగా ముగిస్తా. ఉండే టైమంతా చర్మానికే ఇయ్యాల” అంది ఎస్తేరు.

రుద్దకుండా నీళ్లతో కడిగి, తడిగుడ్డ పరిచి, పాట వద్దన్నారు కనుక ఫోనులో అలారం పెట్టి, చేతులు తీసేసింది. ఇక చెయ్యాల్సింది ఊరుకోవడమే. అదే ఎవరికీ చేతకాలేదు. అలారం మోగకముందే ఎవరో ఒకరు గుడ్డ ఎత్తి తగ్గిందా అని చూడటం, కోమలి మళ్లీ ఏడవటం, కన్నీళ్లు బుగ్గల మీద పడి మంట ఎక్కువవటం. ఎస్తేరు మాటిమాటికీ ఫోను చూసుకుంటోంది. గుడ్డ పిండుతున్న ఆమె చేతులు తొందరపడటం నా కంటపడింది. ఇన్నేళ్లలో ఆ చేతులు తొందరపడగా నేను చూడలేదు.

అప్పుడు మా అత్త గోడ పట్టుకుని లేచి వచ్చింది.

“పూసింది నేను. ఈ బిడ్డ వొద్దని చెప్పే పోయింది. నేనే వినకుండా నిమ్మకాయ పిండినాను. ఈ బిడ్డను ఎవురూ ఏమీ అనొద్దండి.”

అత్త మనవరాలి తల దగ్గర చతికిలబడి, ఎస్తేరు మోచెయ్యి పట్టుకుంది.

“నీ పాట పాడు బిడ్డా.”

“పెండ్లిల్లు కదవ్వా...” అని ఎస్తేరు సందేహించింది.

“నేనే వొద్దన్నాను, నేనే అడగతా ఉండాను. పాడు. ఈళ్లందరికీ వినబడేటట్టు పాడు.”

ఎస్తేరు నోరు తెరిచి పాడింది. గొప్ప గొంతేమీ కాదు, కొంచెం జీరగా ఉంటుంది. పాట అయ్యేదాకా గుడ్డ ఎవరూ ఎత్తలేదు. అయ్యాక తడి మార్చి మళ్లీ మొదటి నుంచి అందుకుంది. చేతుల్లో ఆ తొందర ఎప్పుడు ఆగిందో నేను గమనించనేలేదు. కోమలి వెక్కిళ్లు సన్నగిల్లి, చివరికి పిల్ల నిద్రపోయింది. అత్త కూడా పాటకు తల ఊపుతోంది. ఈసారి ఆ ఊపును నేను నమ్మాను.

ఎన్నిసార్లు పాడిందో లెక్కపెట్టలేదు. గుడ్డ తీసేసరికి ఎరుపు పోయి లేత రంగు మిగిలింది. కలబంద గుజ్జు పలచగా రాసి, ఆరనిచ్చి, ఉంగరపు వేలితో తేలికగా మేకప్ అద్దింది. స్టేజీ మీద కోమలిని చూసి వియ్యపురాలు, “ఎంత తేటగా ఉంది అమ్మాయి ముఖం” అంది. నాకు ఏడుపొచ్చింది. ఎస్తేరుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియక, భోజనాల దగ్గర ఆమె పక్కనే కూర్చుని ఆమె విస్తట్లో నేనే వడ్డించాను. ఇవాళ్టికీ నా కూతురి పెళ్లి ఫోటోలు చూసినప్పుడల్లా ముందు తలచుకునేది ఆమెనే.

పెళ్లి సందడి తగ్గాక ఒక రోజు నేను పార్లరుకు బయల్దేరుతుంటే అత్త కూడా చెప్పులు వేసుకుంది. జన్మలో పార్లరు గడప తొక్కని మనిషి. ఒక కుర్చీలో ఎవరో ఉన్నారు. రెండో దాంట్లో అత్త వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. ఎస్తేరు అరచేతులు రుద్దుకుని ఆ ముడతల ముఖం మీద పెట్టింది.

“మొత్తం పాడు బిడ్డా. నాకేం తొందర లేదు” అంది అత్త.

లోపల నాకు చోటు లేదు. మెట్ల పక్కన ఎండలో నిలబడి, పాట అయ్యేదాకా విన్నాను.