ఎడంచేతి కుట్టు నేర్పిన టీచరమ్మ

మా కుట్టుపని టీచరమ్మ పోయినారని మొన్న ధర్మవరం నుంచి వాళ్ల చెల్లెలు కార్డు రాసింది. నేనిప్పుడు పెనుకొండలో పంతులమ్మను. ఆడపిల్లలకు కుట్టుపాఠం చెబుతుండగా ఆ కార్డు చేతికి వచ్చింది. చదివి, కండ్లు తుడుచుకుని, పాఠం పూర్తి చేశాను. సగంలో వదిలేస్తే ఆమె ఒప్పుకునేవారు కాదు.

హిందూపురంలో పంతులమ్మల ట్రైనింగుకు చేరేనాటికి నాకు పద్దెనిమిదేండ్లు. మొగుడు పోయి ఏడాది. అమ్మకు నేను, నాకు అమ్మ. పాసైతేనే మా ఇద్దరికీ అన్నం. చిన్నబడిలో పాఠాలు చెప్పాలంటే చేతికుట్టు కూడా పాస్ కావాల. నాదేమో ఎడంచేయి. కుడిచేత్తో సూది పడితే గుడ్డ మీద కుట్లకన్నా నెత్తురు చుక్కలే ఎక్కువ.

దసరా సెలవుల ముందు, "నాకు రాదమ్మా, ఇంటికి పోతా" అని అక్కడి కుట్టుపని టీచరమ్మ దగ్గర ఏడ్చాను.

"ఏడిస్తే సూది కనపడదు మే. సెలవులైనాక రా, చూద్దాం" అన్నారు.

తిరిగి వచ్చేసరికి ఆమె ఎడంచేత్తో సూది పట్టుకుని కూర్చున్నారు. వేళ్లనిండా సూదిపోట్లు.

"పదైదు దినాలు నేర్చుకున్నా. సూది యాడ తిప్పాల్నో ఇప్పుడు తెలిసింది. నేను చేసినట్లు చెయ్యి."

ఎవరి కుట్టు వంకరపోయినా ఆమె కసురుకునేవారు కాదు. "విప్పుకో. విప్పేది కూడా పనే" అనేవారు. ఆ ఏడు నేను విప్పినన్ని కుట్లు ఎవరూ విప్పలేదు.

పరీక్షనాడు ఇన్‌స్పెక్టరమ్మ నా దగ్గర ఆగి, "కుడిచేత్తో కుట్టు" అన్నారు. నా ఒళ్లో చంటిబిడ్డ చొక్కా, సగం కుట్టిన కాజా. చేయి ఆగిపోయింది.

టీచరమ్మ ముందుకు వచ్చారు. "అమ్మా, రేపు ఈ పాప బడికి ఎడంచేతి పిల్లోళ్లు కూడా వస్తారు. వాళ్లకు నేర్పేదానికి ఒకరన్నా ఉండాల గదా."

ఇన్‌స్పెక్టరమ్మ చొక్కా తిరగేసి లోపలి కుట్టంతా చూశారు. "సరే, ఆ చేత్తోనే కాజా పూర్తి చెయ్యి" అన్నారు. పాసైనాను. అమ్మను పెనుకొండకు తెచ్చుకున్నాను. ఏ లోటూ లేకుండా బతుకుతున్నాం.

పోయిన ఎండాకాలం ధర్మవరం పోయి ఆమెను చూసి వచ్చాను. వద్దన్నా వినకుండా స్టేషనుదాకా వచ్చారు. రైలు కదిలింది. "పోయొస్తా టీచరమ్మా!" అని కిటికీలోంచి అరిచాను. ఆమె వినలేదు. ప్లాట్‌ఫారం మీద ఎవరో చిన్నపాప గౌను గుండీ ఊడినట్లుంది. ఆ పాప ముందు గొంతుక్కూర్చుని, గుండీ కుట్టి, దారం పంటితో కొరుకుతున్నారు.