మాదాపూర్‌లో యాసిడ్ బేరం

పానీపూరి బండి దగ్గర బేరమాడిన మొనగాణ్ణి నేను. తెనాలిలో మా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి మరి! మాదాపూర్‌లో ముప్పై రూపాయల ప్లేటును ఇరవైకి దించాలని, బండి నడిపే అక్కతో "నీళ్లలో యాసిడ్ కలుపుతారటగా అక్కా, వాట్సాప్‌లో వచ్చింది" అన్నాను.

"అవును, మా టీమ్ లీడ్ వాళ్ల కజిన్ చూసిందట" అంటూ పక్కన ఐడీ కార్డు కుర్రాడు ప్లేటు కింద పెట్టేశాడు. చూసింది ఎప్పుడూ తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లే, అందుకే కాదనలేం. మిగతావాళ్లూ వెనక్కి జరిగారు.

అక్క గరిటెడు నీళ్లు తాగి, ఇంకో గరిటె నాకు చాపింది. "నా గిరాకీ ఖరాబు చేస్తివి గదన్నా! ఇగ నువ్వే తాగి చెప్పు."

తాగాను. కారానికి కళ్ల వెంట నీళ్లు కారుతుండగా "ఇంకో ప్లేటు!" అని అరిచాను. అందరూ పగలబడి నవ్వి, మళ్లీ బండి చుట్టూ మూగారు.

చివరికి నేను తిన్న మూడు ప్లేట్లకు తొంభై రూపాయలు. ఒక్క రూపాయి తగ్గలేదు. తాగిన నీళ్లకు మాత్రం లెక్క కట్టలేదు.