స్విచ్‌కు బొట్టు పెట్టిన దసరా

గోదావరిఖని బొగ్గు కంపెనీ ఆఫీసులోకి ముఖీత్ అడుగుపెడితే కంప్యూటర్లు లేచి నిలబడతాయని అటెండరు నర్సింగం చెప్పుకునేవాడు. అందులో నిజమల్లా ఇంతే: ముఖీత్ వచ్చేదాకా వాటిని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. కంప్యూటర్లు చూసుకునే ముఖీత్‌ది కాంట్రాక్టు పని. ఏటా దసరా వెళ్లాక అతడి కాగితం మీద ఆఫీసు పెద్ద సదయ్య సారు సంతకం పెడితేనే మరో ఏడాది గడిచేది. నర్సింగం బొగ్గుబాయిలో బొగ్గు తొట్లను తాడుతో లాగే హాలేజీ ఇంజను నడిపి, నడుము పట్టేశాక పైన ఆఫీసు పనికి వచ్చిన మనిషి.

ఆఫీసు గోడకు బిగించిన ఇనప డబ్బాలో ఒక స్విచ్ ఉండేది. లైటు వేసే స్విచ్ కాదు. కంప్యూటర్లన్నిటినీ, గేటు దగ్గర లారీలు తూచే కాంటానూ కలిపే పెట్టె. ఏ తీగ ఎవరిదో దానికి ముఖీత్ చెప్పిపెట్టేవాడు. చెప్పింది కరెంటు ఉన్నంతసేపే దానికి గుర్తుంటుంది. సేవ్ చేయమని విడిగా చెబితేనే లోపల రాసుకుంటుంది.

ముఖీత్ ప్రతి శుక్రవారం నమాజుకు పోయేముందు ఆ వివరాలన్నీ నకలు తీసి, గోదావరి అవతల శ్రీరాంపూర్ ఆఫీసు కంప్యూటర్‌కు పంపేవాడు. ఇక్కడ మంటలొచ్చినా అక్కడ నకలు భద్రం. అంత దూరం ఆలోచించినవాడు, చేతికింది స్విచ్‌లో సేవ్ చేయడం మరిచాడు. ఎండాకాలంలో ఈ పెట్టెను కొత్తగా బిగించినప్పటి నుంచీ మరిచే ఉన్నాడు. యూపీఎస్ పుణ్యమా అని కరెంటు పోయినా పెట్టె ఒక్కసారీ ఆగలేదు.

రెండువేల ఏడులో దసరా ముందురోజు ఆయుధపూజ. నర్సింగం జీపు నుంచి ఫ్యాన్ల దాకా బొట్లు పెట్టుకుంటూ వచ్చాడు. హాలేజీ ఇంజనుకు పూజ చేయాలంటే ముందు దాన్ని ఆపాలి. అదే పద్ధతిలో స్విచ్ ప్లగ్గు పీకి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, దండం పెట్టుకుని, మళ్లీ ప్లగ్గు పెట్టాడు. దీపాలు పచ్చగా వెలిగాయి. కాంటా మూగబోయింది.

లారీల వరుస మంథని దాకా పోయిందని తర్వాత చెప్పుకున్నారు. పక్కనే ఉన్న గంగానగర్ దాకా అయితే నిజమే.

"సాయంత్రం లోపల కాంటా నడవాలె," అన్నాడు సదయ్య సారు, గొంతు పెంచకుండా. "లేకుంటే నీ కాగితం మీద నా సంతకం ఉండది."

ముఖీత్ డబ్బా తెరిచాడు. లోపల బంతిపూలు.

"కాకా, దీన్ని ఆపినవా?"

"నడిచే ఇంజనుకు బొట్టు పెడితే చెయ్యి పోతది, పిలగా."

"దీనికి చక్రం యాడుంది?"

"లోపట ఉంటదేమో, నాకేం ఎరుక. గుయ్యిమంటది గద."

నకలు శ్రీరాంపూర్‌లో ఉంది. అక్కడికి దారి ఈ స్విచ్ గుండానే. ఆ గదిలోకి సెల్‌ఫోన్ సిగ్నల్ దూరదు. ఇక మిగిలింది సారు గదిలోని ఫోను. ముఖీత్ దాంట్లోంచి శ్రీరాంపూర్ ఆపరేటరు సంధ్యారాణిని పిలిచి, నకలు తెరిచి చదవమన్నాడు. ఫోను తీగ స్విచ్ దాకా అందలేదు. నర్సింగం రిసీవరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

బాయిలో తాడు లాగమని వచ్చే సిగ్నల్ విన్నవాడు దాన్ని తిరిగి చెప్పాకే తాడు కదులుతుంది. నర్సింగానికి వేరే పద్ధతి తెలియదు.

"పోర్టు ఏడు, నంబరు ఇరవై," అంది సంధ్యారాణి.

"పోర్టు ఏడు, నంబరు ఇరవై," అని ఫోనుకు ఒకసారి, గదిలోకి ఒకసారి చెప్పాడు నర్సింగం. ముఖీత్ మాట్లాడకుండా కీబోర్డు మీద కొడుతున్నాడు.

"తిరిగి చెప్పు పిలగా. చెప్పకుంటే తాడు గుంజ."

ముఖీత్ తిరిగి చెప్పాడు. వరుసలు ఒక్కొక్కటే నది దాటి వచ్చాయి.

"ఎవలాయన, గింత గట్టిగ ఒర్రుతున్నడు?" అంది సంధ్యారాణి.

"ఎవలాయన, గింత గట్టిగ ఒర్రుతున్నడు," అని గదిలోకి అందించాడు నర్సింగం.

"అది కొట్టొద్దు కదా కాకా," అన్నాడు ముఖీత్.

పొద్దు వాలకముందే కాంటా మీద అంకెలు కదిలాయి. ఈసారి ముఖీత్ ముందు సేవ్ చేసి, తర్వాత మంచినీళ్లు తాగాడు.

"ఏమైంది?" అని అడిగాడు సదయ్య సారు.

నర్సింగం నోరు తెరిచేలోగా ముఖీత్ చెప్పాడు: "సేవ్ చెయ్యలే సార్. మర్చిపోయిన."

"ప్లగ్గు గుంజింది నేను," అన్నాడు నర్సింగం.

సారు కిటికీలోంచి కదులుతున్న లారీలను చూశాడు. "ఇద్దరు గల్సి మంచిగ చేసిండ్రు పూజ," అని లోపలికి పోయాడు.

పండుగ వెళ్లాక సంతకం పడింది.

మరుసటి ఏడు నర్సింగం ప్లగ్గు మీద చెయ్యి వేసి ఆగాడు.

"రాసుకున్నదా?"

"రాసుకున్నది."

"మళ్ల చెప్పు."

"రాసుకున్నది కాకా."

అప్పుడు పీకాడు. తర్వాతి ఏళ్లలో వచ్చిన సారు ఒకరు ఆ మాటలు పూజలో మంత్రమనుకుని, చెప్పులు విడిచి నిలబడ్డారు.