నెత్తురు కనవడితే ఆట బంద్

మా పీఈటీ మేడం పోయిందని మా ఊరు పెద్దపల్లి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఆసిఫాబాద్‌లో పిల్లలతో కబడ్డీ ఆడిస్తున్నాను. అక్కడే కూలబడి ఏడ్చాను. పదకొండో రోజు ఆమె పేరున పెట్టిన పోటీకి వెళ్ళాక మాత్రం ఒళ్ళు మండింది. ఇంకా మండుతూనే ఉంది.

ఆమె దగ్గర ఒక రేకుడబ్బా ఉండేది. రబ్బరు తొడుగులు, దూది, బ్లీచింగ్ పొడి, నెత్తురంటిన చెత్త వేసే పసుపురంగు సంచులు. ఆటలో ఏ పిల్లకు దెబ్బ తగిలినా, "ముందు నీ చేతికి తొడుగు, తర్వాత దాని మోకాలు" అనేది మాతో. నెత్తురంటిన దూదిని సంచిలో మూటగట్టి, స్కూటీ మీద దవాఖానకు తీసుకుపోయి అక్కడి డబ్బాలో వేసి వచ్చేది. ఊరంతా నవ్వింది. సన్మానాలకు శాలువాలు దొరికేవి. తొడుగులు అడిగితే "గవెందుకు మేడం, జర మట్టి వెడితే ఆగుతది" అనేవారు.

జిల్లా ఫైనల్లో నా మోచెయ్యి చీలింది. ఇంకా రెండు నిమిషాల ఆట ఉంది. మ్యాట్ పక్కన గుప్పెడు మట్టి తీసి అద్దుకుని మళ్ళీ కూతకు పోబోయాను. మేడం జబ్బ పట్టి బయటికి లాగింది. మట్టి కడిగి కట్టు కట్టింది. మ్యాట్ మీది మరక తుడిచి, బ్లీచింగ్ నీళ్ళు పోసి, పది నిమిషాలు ఎవరినీ కాలు పెట్టనివ్వలేదు.

"గిది ఆటనా, ఆపరేషనా?" అని అరిచాడు పోటీ పెట్టించిన పెద్దమనిషి. మేడం నన్ను మళ్ళీ ఆటలోకి దిగనివ్వలేదు, నేను లేక మా జట్టు ఓడింది. నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు, సిగ్గులేనిదాన్ని! ఆమె ఒక్కటే అన్నది: "ఓడితే మల్ల ఆడుతవ్ బిడ్డా. చీమువట్టి చెయ్యి వోతే మల్ల మొలుస్తదా? నీ నెత్తురు ఇంకోదానికి అంటితే ఏం రోగమొస్తదో ఎవలికెరుక?"

మొన్న ఆమె పేరున పెట్టిన పోటీలో అదే పెద్దమనిషి మైకు పట్టుకుని "మాకు తల్లి లెక్క" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. రెండు నిమిషాల మౌనం అన్నారు, ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఆమె ఫొటో ముందు ఆ రేకుడబ్బా పెట్టి పైన బంతిపూలు పోశారు. ఆట మొదలైన కాసేపటికే ఒక పిల్లకు గదవ పగిలి, గడ్డం నుంచి నెత్తురు కారింది. మట్టి అద్దారు. తడి తువ్వాలతో నెత్తురు తుడిచి, అదే తువ్వాలతో పక్క పిల్ల మొహం తుడిచారు. మైకులో ఆయనే: "ఏం గాలే, ఆడుండ్రి!"

ఛీ! మరి ఈ పూలు ఎవరికి పోసినట్టు?

పూలు పక్కకు తోసి డబ్బా తెరిచాను. తొడుగులు వేసుకుని మ్యాట్ మధ్యలోకి నడిచాను. "నెత్తురు కనవడ్డది. ఆట బంద్!"

పిల్ల గదవ కడిగి దూది పెట్టాను. బ్లీచింగ్ పొడి నీళ్ళలో కలిపి మ్యాట్ మీది మరక మీద పోశాను. పెద్దమనిషి మైకు దించాడు. పది నిమిషాలు ఎవరూ కాలు కదపలేదు, నోరెత్తలేదు. మేడం కోసం మా ఊరు పాటించిన మౌనం అదొక్కటే.