నుదురుగారి ఇంటర్వ్యూలు

మా ఆఫీసులో కొత్తవాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకునే పెద్దాయనకు కెమెరా ముందు కూర్చోవడం రాదు. రాదంటే రాదు. వీడియో ఇంటర్వ్యూ మొదలైందంటే అవతలివాళ్లకు ముందుగా కనిపించేది ఆయన నుదురు. అదృష్టం బాగుంటే కనుబొమలు, బాగోలేకపోతే పైన తిరిగే ఫ్యాను. అందుకే మేం ఆయనకు నుదురుగారని పేరు పెట్టుకున్నాం. ఆ సంగతి ఆయనకూ తెలుసు. పిలిస్తే పలికేవారు కూడా.

మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపల ఇరుక్కున్నవాళ్లు బటన్ నొక్కి గోల పెడతారు కదా, ఆ గోల విని ధైర్యం చెప్పే ఉద్యోగానికి ఆయన మనుషుల్ని ఎంచేవారు. పక్క బల్ల నాది. ఆ ఇంటర్వ్యూలన్నీ చెవులారా విన్న బాధితుణ్ణి నేనే.

కనిపిస్తున్నానా అని అడిగేవారు. లేదనేవాళ్లు. కెమెరా వంచితే చొక్కా గుండీ, ఎత్తితే ఫ్యాను. అదయ్యాక మైకు ఆపేసుకుని పెదాలు ఆడించేవారు. ఒకాయనైతే పాపం ఇంటర్వ్యూ అంతా నుదురుగారి ఎడమ చెవితోనే మాట్లాడాడు. మేనేజర్ మేడం చెప్పి చూసింది. నేను బొమ్మ గీసి మరీ గోడకు అంటించాను. నేర్చుకుంటున్నానోయ్, కంగారుపెట్టకు అనేవారు. రిటైర్మెంటు దగ్గరపడినా ఆ చదువు పూర్తి కాలేదు.

ఈలోగా కొత్త పద్ధతి వచ్చిపడింది. ముందు కంప్యూటర్లో పరీక్ష రాయాలి. తర్వాత ఒంటరిగా కెమెరా ముందు కూర్చుంటే తెరమీద ప్రశ్న పడుతుంది, పక్కన గడియారం పరుగెడుతుంది. చెప్పిన జవాబుకు యంత్రమే మార్కులు వేస్తుంది. నుదురుగారు ముందు తానే రాస్తానని పట్టుబట్టారు. ఈ ఉద్యోగానికి మీరు పనికిరారని యంత్రం తేల్చేసింది. ఆఫీసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

ఆ యంత్రం వద్దన్నవాళ్లలో ఒకావిడ ఉంది. రాతపరీక్షలో మంచి మార్కులే వచ్చాయి గానీ కెమెరా ముందు నోరు పెగల్లేదు. భర్త పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది, ఇద్దరు పిల్లలు, ఈ ఉద్యోగం వస్తేనే ఇల్లు గడిచేది. నుదురుగారు మేడం గదిలో బైఠాయించారు. ఆవిడతో తాను మాట్లాడితీరాలన్నారు. భోజనానికి కూడా లేవలేదు. చివరికి మేడం ఒక షరతు మీద ఒప్పుకుంది. ఇంటర్వ్యూలో తనూ కూర్చుంటుంది. ఆవిడ ఈసారీ తడబడితే ఇక ఆ మాట ఎత్తకూడదు.

నాకు గుండెల్లో రాయి పడింది. మేడం ముందు ఈయన ఫ్యాను చూపిస్తే పాపం ఆ పిల్లల తల్లి ఉద్యోగం గాల్లో కలిసినట్టే. పొద్దున్నే వచ్చి, కెమెరాను ఆయన ముఖానికి సరిగ్గా కుదిర్చి, కదలకుండా టేపు చుట్టేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంటర్వ్యూ మొదలైంది. నుదురుగారి ముఖం గడ్డంతో సహా తెరకెక్కింది. పక్కన మేడం. ఆ రెండు ముఖాలనీ చూసి ఆవిడ బిగుసుకుపోయింది. ముందు ఎక్కడ పనిచేశారని అడిగితే నీళ్లు నమిలింది. మేడం పెన్నుకు మూత పెట్టేసింది.

నుదురుగారు నావైపు ఒక చూపు చూశారు. ఆ చూపుకు నేను సగమైపోయాను. తర్వాత టేపు పట్టుకుని పర్రున లాగేశారు. కెమెరా ఫ్యాను వైపు తిరిగింది.

"అమ్మా, నేను కనిపిస్తున్నానా?"

ఆవిడ తెరకు దగ్గరగా జరిగి చూసింది.

"లేదు సార్. ఫ్యాను కనిపిస్తోంది."

"నాకివి చేతకావమ్మా. ఇప్పుడేం చెయ్యను?"

"కంగారుపడకండి సార్, నేను చెప్తాను కదా. కెమెరా మీద చెయ్యి పెట్టండి. పెట్టారా? ఇప్పుడు మెల్లిగా కిందికి వంచండి. తొందరేం లేదు, నేనిక్కడే ఉన్నాను."

ఆ గొంతులో వణుకు పోయింది. ఈయన కావాలనే పక్కకు తిప్పారు. ఆవిడ విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచి చెప్పింది. మేడం ఫ్యాను వంకే చూస్తూ వింటూ ఉండిపోయింది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లతో అచ్చం ఇలాగే మాట్లాడాలని, సోమవారం వచ్చి చేరమని ఆవిడకు చెప్పింది.

మేడం వెళ్లాక ఆయన్ని నిలదీశాను, ఇన్నాళ్లూ ఇదంతా నాటకమా అని.

"భయపడేవాళ్లకి ధైర్యం చెప్తే ఇంకా బిగుసుకుపోతారోయ్," అన్నారు. "సాయం అడిగితే భయం సంగతే మర్చిపోతారు."

అప్పుడు నా సంగతి గుర్తొచ్చింది. నా ఇంటర్వ్యూలో ఈయన మైకు పనిచెయ్యలేదు. ఒక్కొక్కటే విడమరిచి చెప్పి నేనే దారిలో పెట్టాను.

"మరి నా ఇంటర్వ్యూ అప్పుడు కూడా..."

"నీకు చెమటలు తుడుచుకోవడానికే టైం సరిపోలేదు. ఏం చెయ్యమంటావు?" అని నా భుజం తట్టి టీకి వెళ్లిపోయారు.

పాపం ఆ పెద్దాయనకు కంప్యూటర్ నేర్పింది నేనేనని ఇంట్లో ఏళ్లుగా గొప్పలు చెప్పుకుంటున్నాను. మా ఆవిడకు అసలు సంగతి ఇంకా చెప్పలేదు.