మబ్బు పట్టిన ఫోటో

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో ఆకాశమంతా నా పేరున రాసిచ్చినట్టు తిరిగేదాన్ని. కుప్పంలో డిగ్రీ ముగించి, మదనపల్లెలో ఒక మిద్దె మీది చిన్న ఆఫీసులో చేరాను. ఉపగ్రహాలు తీసే భూమి ఫోటోలు ఎవరికైనా ఉచితమే కానీ, వాటిని తెరిచి అర్థం చేసుకోవడం మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదు. వాటిని రైతు ఫోనులో రంగులుగా చూపించాలన్నది మా ఆఫీసు కల. చేను బాగుంటే ఆకుపచ్చ, వాడుతుంటే పసుపు, ఎండితే ఎరుపు. (నా కల అంతకంటే చిన్నది. ఉద్యోగం పర్మనెంటు కావాలి, అంతే.) "ఆ ఊరోళ్లు నీ సాయం లేకుండా వాళ్లంతట వాళ్లు ఫోటో చూసుకున్న రోజు నీ ఉద్యోగం ఖాయం. ఈ నెలలో అది జరగలేదంటే కుప్పం బస్సెక్కు" అని చెప్పి మా సారు నన్ను పుంగనూరు దాటించి, చౌడేపల్లె దగ్గరి ఒక పల్లెకు పంపారు.

అక్కడ నేను దిగింది పాలత్త ఇంట్లో. సగం ఊరికి పాలు పోసేది ఆమే కాబట్టి పిల్లా పెద్దా అందరికీ పాలత్తే. కొట్టం నిండా ఎనుములు, వానను నమ్ముకుని వేసిన చెనిక్కాయ (వేరుశనగ) చేను ఆమె ఆస్తి. మొదటిరోజే నలుగురిని పోగేసి ఫోను చూపించాను. "ఇదిగో అత్తా, మీ ఇల్లు." ఆమె ఫోనును ముక్కు దాకా తెచ్చుకుని, "యాడమ్మా? నా ఎనుములు యాడుండాయి?" అంది. పది మీటర్ల నేల ఇందులో ఒక్క చుక్కగా కనిపిస్తుందనీ, ఇల్లూ ఎనుములూ పేడదిబ్బా ఆ చుక్కలోనే ఉన్నాయనీ ఓపిగ్గా వివరించాను. "అంటే నేనూ పేడదిబ్బా ఒగటే అంటావు" అంది పాలత్త. ఆ పూట పాఠం అక్కడితో సరి.

అసలు చిక్కు మాత్రం మబ్బుతో వచ్చింది. మా ఉపగ్రహం నాలుగైదు రోజులకోసారి, పొద్దెక్కిన వేళ మా మీదుగా పోతుంది. అడ్డంగా మబ్బుంటే దానికి నేల కనపడదు. ఆ యేడు సరిగ్గా చెనిక్కాయ ఊడలు దిగే అదనులో వాన మొహం చాటేసింది. మబ్బులకు మాత్రం కొదవ లేదు. చుట్టపుచూపుగా వచ్చి, ఒక్క చినుకు రాల్చకుండా, నా ఫోటో చెడగొట్టి తూర్పుగా వెళ్లిపోయేవి. నేను మిద్దె మీద వెల్లకిలా పడుకుని వాటినే చూస్తూ ఉండేదాన్ని. పైనుంచి ఆ కన్ను ఇటు చూస్తోంది, కిందనుంచి నేను అటు చూస్తున్నాను, మధ్యలో ఈ దూది. ఎంత హాయిగా ఉండేదంటే, ఉద్యోగం ఊడబోతోందన్న సంగతి కూడా మరిచిపోయేదాన్ని. ఒకరోజు మబ్బు విడిపోతుంటే గట్టిగా "అమ్మయ్య!" అనేశాను. కింద ఎనుములకు గడ్డి వేస్తున్న పాలత్త తలెత్తింది. "యాల పాపా అంత సంతోషం? మబ్బు పోతాంటే మేము ఏడస్తాండాము." సంగతి చెప్పక తప్పలేదు. "సేను ఎండితే ఎర్రగా సూపిస్తాదంటివి. అది సూడను ఫోనెందుకమ్మా, కండ్లుండాయి కదా" అని మళ్లీ గడ్డిలోకి వంగింది.

సారు మూడు ఊళ్ల రైతులను పిలిచి ఫోటో చూపించమన్నారు. దానికోసం ఆ నెలలో ఉపగ్రహం ఆఖరుసారి వచ్చే రోజును చూసుకుని కూర్చున్నాను. ఆ ముందురోజే ఊళ్లో ఆడవాళ్లు కప్పకావిడి ఎత్తారు. రోకలికి వేపమండలు చుట్టి, నడుమ కప్పను కట్టి, పాడుకుంటూ గడప గడపకూ వస్తారు. ఇంటివాళ్లు దాని నెత్తిన నీళ్లు పోస్తే వాన వస్తుందని నమ్మకం. మా గడపలో ఉన్నది నేనొక్కదాన్నే. చెంబు తెచ్చి, చిలకరించీ చిలకరించనట్టు నాలుగు చుక్కలు వేశాను. రోకలి మోస్తున్నది ఎవరో కాదు, పాలత్తే. "ఏం పాపా, తీర్థం పోస్తాండావా? బిందె ఎత్తు!" అంది. కప్ప కూడా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. (దానికి పర్మనెంటు ఉద్యోగం గొడవ ఏం తెలుసు!) ఒకవైపు నా బతుకుదెరువు, ఒకవైపు ఆమె చేను. రోజూ ఆమె చేతి సంగటి తింటున్న ఒళ్లు కదా, బిందె దానంతట అదే లేచింది. మొత్తం కుమ్మరించాను. కప్పతో పాటు పాలత్త కూడా తడిసి ముద్దయింది.

తెల్లారేసరికి వాన పట్టుకుంది. ఉపగ్రహం వచ్చే వేళకు ఎదురింటి గోడ కూడా కనపడలేదు. వాకిట్లో నిలబడి తడుస్తూ ఏడ్చాను, నవ్వాను, ఏది ఎందుకో నాకే తెలియలేదు. ఊరు ఊరంతా తడుస్తోంది, నా కన్నీళ్లు ఎవరికి కనపడతాయి?

మర్నాడు సారు బురద ప్యాంటుతో దిగారు. రైతులు పాలత్త కొట్టంలో చేరారు. ఫోను తెరిస్తే ఏముంది, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తెలుపు, దాని మీద ఊళ్ల పేర్లు. సారు నన్ను చూసిన చూపులో కుప్పం బస్సు కనిపించింది. ఇంతలో పాలత్త ఫోను లాక్కుంది. "ఏందమ్మా ఇది?"

"మబ్బు అత్తా. నిన్నటి వాన."

"మా వానా? పైనుంచి సూస్తే ఇట్లుంటాదా?" అంది. అంత నోరున్న మనిషి గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. అందరూ ఫోను మీదికి వంగారు. "నా ఫోన్లో గూడా తియ్యి పాపా" అని ఒకరు. అది ఎట్లా తెరవాలో చెప్పేలోగా రెండో ఆయన తన ఫోన్లో తనే తెరిచేసుకున్నాడు. "పెద్దపంజాణి మింద గూడా ఉండాది సూడప్పా! మా బిడ్డోళ్ల సేన్లో పడింటాది" అన్నాడు. ఇక ఎవరికీ నేను అక్కర్లేదు. వేళ్లతో జరుపుకుంటూ, మబ్బు అంచు ఎక్కడ తెగిందో వెతుక్కుంటూ, కూతుళ్లను ఇచ్చిన ఊళ్లన్నీ తిరిగొచ్చారు. సారు చాలాసేపు చూసి, "సరేలే, చూసుకున్నారు కదా" అని గొణిగారు. ఒక్క చేను కూడా కనిపించని ఫోటోతో నా ఉద్యోగం నిలబడింది.

ఇప్పుడు నేను పెద్ద ఆఫీసులో, మబ్బు పట్టిన ఫోటోలను ఏరి పారేసే ప్రోగ్రాములు రాస్తున్నాను. మా వైపుది దొరికితే మాత్రం పారేసే ముందు ఒకటి పాలత్తకు పంపుతాను. "యాడ పడింది పాపా, ఉత్త మబ్బే" అని వాయిస్ మెసేజి వస్తుంది. ఎప్పుడో ఒకసారి అందులో మాట ఉండదు, కొట్టం రేకుల మీద వాన చప్పుడు మాత్రం ఉంటుంది. ఏసీ గదిలో కూర్చుని దాన్ని చెవికి ఆనించుకుంటాను. మిద్దె మీద పడుకుని మబ్బులను తిట్టుకున్న ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. పక్క సీటువాళ్లు ఎవరి ఫోనని అడుగుతారు. ఊరినుంచి అని చెప్పి, చివరిదాకా వింటాను.