మార్చి నెల కిరాయి

వెంకటరామయ్య సారు చానేండ్లు మా ఇంట్ల కిరాయికుండె. గుంటూరు దిక్కుకెంచి ఫ్యాక్టరీ నౌకరికని వచ్చిండు. స్టోర్ల సామాన్లు ఇచ్చే పని. పటాన్‌చెరు కాడ మా ఊళ్లె అప్పట్ల అందరియి మాసిన అంగీలే, ఈయనదొక్కటే ఇస్త్రీ అంగి. నన్ను "ముత్యమ్మగారూ" అని పిలిచేటోడు. మా ఇంటాయన బతికున్నన్నాళ్లు నన్ను గట్ల పిలిచిన పాపాన పోలే!

మార్చి నెల వచ్చిందంటే మాత్రం గేటు కాడ నిలబడి మెల్లగ చెప్పేటోడు. "ఈ నెల ఇన్‌కం టాక్స్ కోసేశారండీ. అద్దె ఒక్క వారం ఆగాలి."

నాకేమెరుక? టాక్స్ అంటె పెద్దోళ్లు కట్టేదని తెలుసు, గంతే. సర్కారుకే పైసలిచ్చే మనిషి నా ఇంట్ల ఉన్నడని నల్లా కాడ అందరికి చెప్పుకున్న. అబ్దుల్ గనీ హోటల్ల అందరికి బల్లలుంటె, సారుకు మాత్రం కుర్చీ. ఆయన వస్తె గనీ భుజం మీది పైతువాలతోని తుడిచి ఏసేటోడు.

ఆయన బిడ్డ కమలాకుమారి సంగారెడ్డి కాలేజిల సదివేది. రెండే ఓణీలు, ఒకటి ఉతికితె ఒకటి కట్టేది. పుస్తకాలు కొనలేక తోటి పిల్లలయి తెచ్చుకొని రాసుకునేది. పంతొమ్మిది వందల డెబ్బై రెండుల ఫీజుకు దారి లేక మాఫీకి దరఖాస్తు పెట్టింది. తండ్రి ఇన్‌కం టాక్స్ కట్టేటోడు కాదని ఊరి పట్వారి రాసియ్యాలెనని పెట్టినంక తెలిసింది. శనివారం దాంక ఆ కాయితం రాకుంటె పేరు కొట్టేస్తమన్నరు.

మా పట్వారికి ఆఫీసు గిఫీసు లేదు, గనీ హోటలే కచేరి. చాయ తాగుకుంట, ఉన్నోళ్లందర్ని అడిగి రాసేటోడు. ఆ పొద్దు కమలాకుమారి కాయితం కోసం పోతె, సారు సంగతి అడిగిండు. గనీ ఛాతి విరుచుకున్నడు. "వెంకటరామయ్య సాబా? ఏం మాట సాబ్! హర్ సాల్, ఏటేటా ఇన్‌కం టాక్స్ కట్టే ఆద్మీ!" బల్ల మీదున్నోళ్లంత అవునవునన్నరు. పాపం, ఇజ్జత్ పెంచుతున్నమనే అనుకున్నరు. పట్వారి పెన్ను జేబుల పెట్టుకున్నడు.

పిల్ల ఏడ్చుకుంట ఇంటికొచ్చింది. "నాన్నా, మీరు నిజంగా టాక్స్ కడుతున్నారా?"

సారు గోడ దిక్కు సూసుకుంట నిలబడ్డడు. నాకు ఒళ్లు మండింది. "ఏంది సారూ, నోట్ల ఏం పెట్టుకున్నవ్? పిల్ల సదువు ఆగమైతున్నది, చెప్పరాదు!" అన్న.

"కట్టేంత జీతం నాకెప్పుడూ రాలేదండీ," అన్నడు. "ఏటా మార్చిలో అమ్మాయికి పరీక్ష ఫీజు కట్టాలి. డబ్బుల్లేవని మీతో చెప్పడానికి నోరు రాలేదు."

చేతిల చీపురుంటె కొట్టేదాన్నే. పిల్ల మొకం సూసి ఊకున్న. కాలేజిల అది గూడ మా నాన్న టాక్స్ కడుతడని గొప్పలు చెప్పుకున్నదట. తల ఎత్తలే.

"నడువుండ్రి, పట్వారి లేవకముందే పోదాం," అని నేనే ముంగట నడిచిన.

మమ్మల్ని సూడంగనే గనీ కుర్చీ తుడిచి ఏసిండు. సారు కూసోలే. "నేనెప్పుడూ టాక్స్ కట్టలేదండీ," అన్నడు.

"జెర గట్టిగ చెప్పు," అన్నడు పట్వారి. "ఇందాక కడుతడని చెప్పినోళ్లు వీళ్లే. వీళ్లందరు వినాలె."

సారు బిడ్డ దిక్కు సూసిండు. ఇగ గొంతు పెంచి, "నేను అబద్ధం చెప్పాను. నాకు టాక్స్ కట్టేంత జీతం లేదు," అన్నడు. ఎవ్వలు నవ్వలే. గనీ చేతిల పైతువాల అట్లనే ఉండిపోయింది. ఎవడన్న నవ్వుతె ఇన్ని తిట్లన్న తిడుదునేమో, నా కడుపుల మంట సల్లారేది.

కాయితం వచ్చింది, పిల్ల పేరు నిలబడ్డది. కాని సారు మల్ల ఆ కుర్చీల కూసోలే. చాయ తాగబుద్ధయితె హోటల్ బయట నిలబడి తాగి పోయేటోడు. గనీ ఎన్నిసార్లు పిలిచినా లోపటికి రాలే.

మల్ల మార్చి వచ్చింది. కిరాయిచ్చే దినం సారు గేటు కాడ నిలబడి చెప్పుతోని మట్టి గీకుతున్నడు. నాకు సూడబుద్ధి కాలే. తొవ్వ నేనే సూపిద్దామనుకున్న.

"టాక్స్ కోసిండ్రా సారూ? ఫికర్ చెయ్యకు, వారం ఆగుత."

సారు తల దించుకున్నడు.

"లేదండీ ముత్యమ్మగారూ. డబ్బుల్లేవు."